పన్నెండు సంచుల స్వయంసమృద్ధి

ఇకమీదట రాష్ట్రంలో ఏ కుటుంబమూ కూర కోసం మరొకరి గడప తొక్కబోదని స్వయంపోషణ శాఖ మంత్రివర్యులు విశాఖపట్నంలో, సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక హోటల్లో, పదకొండు రకాలతో మధ్యాహ్న భోజనం ముగించిన అనంతరం ప్రకటించారు. పథకం పేరు ‘గుప్పెడు నేల – గంపెడు కూర’. ఇంటికి పన్నెండు సంచులు ఇస్తారు. సంచుల నిండా కొబ్బరి పొట్టు, పైన విత్తనాల పొట్లాలు, పక్కన ఒక నీళ్ళ డబ్బా. అరవై చదరపు అడుగుల బాల్కనీ ఉంటే చాలు, నలుగురున్న కుటుంబం ఏడాది పొడుగునా తన కూర తానే పండించుకోవచ్చునని మంత్రిగారు తేల్చి చెప్పారు. తన బంగళా బాల్కనీలో స్వయంగా పండించిన వంకాయను పైకెత్తి చూపించారు. ఆ వంకాయ వెనక ముగ్గురు తోటమాలుల కష్టం ఉందని గిట్టనివాళ్ళు అంటారు గానీ, పైకెత్తింది మాత్రం ఆయనే.

పథకం పుట్టింది పట్నాల్లో అపార్టుమెంట్ల కోసం. అయితే సామాజిక న్యాయం అనేదొకటి ఉంటుంది కదా. పట్నంవాడికి సంచి ఇచ్చి కొండమీదవాడికి ఇవ్వలేదేమని రేపు సభలో ఎవరైనా లేచి అడిగితే ఏం చెబుతాం? అందుచేత అరకు వైపు కొండలక్కూడా సంచులు కేటాయించారు. వాటిని చూసుకోవడానికి సర్వేశ్వరరావుగారనే ప్రత్యేకాధికారిని వేశారు. ఆ సంచుల్లో పన్నెండు, హుకుంపేటకి ఎగువన గొడుగుపుట్టు అనే ముప్పయ్యొక్క గడపల ఊళ్ళో, సోని ఇంటి ముందు దిగాయి.

సోనికి సంచులు రావడంలో ఉన్న గొప్పతనం తెలియాలంటే ఆమె వాలు గురించి చెప్పాలి. ఇంటి వెనక కొండవాలు మీద రెండెకరాలు. మామ తుప్పలు కొట్టి, రాళ్ళు ఏరి, దారికి తెచ్చిన నేల. మొగుడు గంగరాజు జ్వరంతో పోయాక నాలుగేళ్ళుగా సోని ఒక్కతే చేస్తోంది. సామలు, చోళ్ళు, కంది, రాజ్‌మా, చిక్కుడు, పసుపు, గుమ్మడి, వలిసెలు అన్నీ ఆ వాలు మీదే, ఒకదాని సందులో ఒకటి. ఆశ్రమ పాఠశాలలో చదివే ఆడపిల్లలిద్దరూ సెలవులకొచ్చి తినేదీ, సోని ఏడాదంతా తినేదీ అదే పంట. సంతకెళ్ళి ఆమె కొనేవి ఉప్పూ, నూనే, సబ్బూ. అలాంటి మనిషికి తన తిండి తాను పండించుకోవడం నేర్పాలన్న ఆలోచన రావడానికి మామూలు బుర్ర చాలదు. దానికి ఒక శాఖ కావాలి.

మొన్న వేసవిలో ఎవరో వచ్చి ఆ వాలు చుట్టూ పసుపురంగు పూసిన రాళ్ళు పాతిపోయారు. ఏమిటని అడిగితే గవర్నమెంటు పని అన్నారు. చేతిలో పట్టా ఉంటే ఆ రాళ్ళు పీకించవచ్చని, లేకపోతే ఏ రోజైనా వాలు పోతుందని ఊళ్ళో అందరూ చెప్పారు. సోని పట్టా కోసం మూడుసార్లు దరఖాస్తు పెట్టింది. మొదటిది సంతకం లేదని, రెండోది పటం లేదని తిరిగొచ్చాయి. మూడోది తిరిగి రాలేదు. ఫైలు కదులుతోందన్నారు. ఎటు కదులుతోందో చెప్పిన పుణ్యాత్ముడు లేడు.

సర్వేశ్వరరావుగారు జీపు ఎక్కగలిగినంత వరకూ వచ్చి, అక్కడి నుంచి పాపం నలభై అడుగులు నడిచి, సోని అరుగు మీద కుర్చీ వేయించుకున్నారు. పక్కన ఉద్యాన సహాయకుడు మోహన్‌కృష్ణ ఫారం పట్టుకుని నిలబడ్డాడు. కోనసీమ మనిషి, ఉద్యోగంలో చేరి మూడు నెలలు.

“బాల్కనీ ఎన్నో అంతస్తులో ఉంది?” అని అధికారి అడిగారు.

“ఏటి బాబూ?”

“మేడ మీద ముందుకి పొడుచుకొచ్చిన చోటు.”

“మాకు మేడ నేదు బాబూ. అరుగుంది.”

ఫారంలో ఆ గడి ఖాళీగా వదిలితే కంప్యూటరు ముందుకు వెళ్ళనివ్వదు. సర్వేశ్వరరావుగారు కాసేపు లోయకేసి చూశారు. “ఈ ఊరు సముద్రమట్టానికి ఎంతెత్తులో ఉంటుందయ్యా?” అన్నారు. మూడు వేల అడుగులుంటుందని మోహన్‌కృష్ణ చెప్పాడు. “అంతస్తుకి పదడుగులు. మూడు వందలో అంతస్తు అని రాయి.” ఆ విధంగా ఆ పెంకుటిల్లు దేశంలోకెల్లా ఎత్తైన మేడగా నమోదైంది.

సోని ఊరుకోలేక అడిగింది. “ఎనకాల ఇంత కొండ ఉంది కదా బాబూ. సంచిల ఎందుకేటి?”

“కొండ పెద్ద స్థలమమ్మా,” అన్నారు అధికారి, ఓపిగ్గా. “మా పథకం చిన్న స్థలాలకి.”

పోనీ, సంచిలో ఆ కొబ్బరి పొట్టు తీసేసి వాలు మీది మన్ను నాలుగు గంపలు పోస్తానంటే ఆయన ససేమిరా వీల్లేదన్నారు. స్థానిక మన్నుకి అనుమతి లేదట. శాంపిల్ తీసి, పరీక్షకి పంపి, రిపోర్టు వచ్చాక కమిటీ కూర్చుంటుందట. మామ కాలం నుంచీ తిండి పెడుతున్న మన్నుకి ఇంకా పరీక్ష పాసయ్యే యోగం రాలేదన్నమాట.

ముప్పయ్యొక్క ఇళ్ళలో ఆదర్శ లబ్ధిదారుగా సోనినే ఎంచడానికి కారణం ఉంది. ఆమె ఇంటి దిగువన, జీపు ఆగేచోట, మంత్రిగారి కారు తిరగడానికి చోటుంది, వెనక వాలు మీద వలిసె పూలు పసుప్పచ్చగా పూసి ఫొటోలో బ్రహ్మాండంగా వస్తాయి. నవంబరు ఇరవై రెండున మంత్రిగారొచ్చి, సంచిలోని చిక్కుడుకాయ స్వహస్తాలతో కోస్తారు. సోని అది వండుతుంది. ఇద్దరూ కెమెరాల ముందు తింటారు. ఆ తర్వాత మంత్రిగారి చేతుల మీదుగా ఆమె వాలుకి పట్టా ఇప్పిస్తానని సర్వేశ్వరరావుగారు నోటితో చెప్పారు. ఆ ఒక్క మాటకి సోని ఆ పన్నెండు సంచుల్నీ చంటిపిల్లల్లా సాకడానికి ఒప్పుకుంది.

సంచులు సాకడం మాటలు కాదు. మొదటి వారం మేక నాలుగు సంచుల్ని స్వయంసమృద్ధంగా మేసింది. టమాటా సంచిలో కోడి పొదగడానికి కూర్చుంది. మోహన్‌కృష్ణ రోజూ పొద్దున్నే వచ్చి సంచులకి ఫొటోలు తీసి పైకి పంపాలి. ఫోనుకి సిగ్నలు ఊరంతటికీ ఒక్కచోటే దొరుకుతుంది. అది సోని వాలు మీద, గుమ్మడిపాదు పక్కనున్న బండ. అంచేత అతను రోజూ ఆ బండెక్కి, మోకాలెత్తు సామల మధ్య నిలబడి, చుట్టూ చిక్కుడు తీగలు చొక్కాకి తగులుతుంటే, “సార్, తొమ్మిదో సంచిలో ఒక మొలక కనబడుతోంది సార్,” అని రిపోర్టు చేసేవాడు.

అంతా సవ్యంగానే ఉందనుకుంటుండగా సోని ఒక మాట అంది.

“సారూ, మంత్రిగారు ఆ రోజున సిక్కుడుకాయ తినమంతే నాను తినలేను. మా ఊళ్ళో ఇంకా సిక్కుడు కొత్త అవ్వనేదు. కొత్త అవ్వకుండా మేం తినం.”

ఆ కొండల్లో ‘కొత్త’ అంటే పండగ. మామిడి కొత్త, కొర్ర కొత్త, చిక్కుడు కొత్త, ఇలా పంట పంటకీ ఒకటి. చంద్రుణ్ణి చూసి, ఊరికి ముహూర్తాలు పెట్టే దిసారి రోజు చెబుతాడు. ఆ రోజు తొలి గుప్పెడు నేలతల్లికీ, పోయిన పెద్దలకీ పెట్టి, ఆ తర్వాతే ఊరు తింటుంది. అందాకా కాయ ఎంత ముదిరినా సరే, ఊరి నేల మీద కాసింది ఎవరూ నోట పెట్టరు. పెడితే తప్పు. ఆ ఏడాది గాలివాన వచ్చినా, పశువు చచ్చినా ఆ తప్పు చేసిన ఇంటి మీదకే వస్తుంది.

కోనసీమ మనిషికి ఈ సంగతి ఎవరు చెప్పారు కనక. అతను బండెక్కి, ఫోను స్పీకర్లో పెట్టి, ఆమె అన్న మాట ఉన్నదున్నట్టు ఒప్పజెప్పాడు. “చిక్కుడు కొత్త కాలేదట సార్. కొత్త కాకుండా తినరట.”

“అంటే మనం పాత చిక్కుడు ఇచ్చామంటోందా?” అన్నారు సర్వేశ్వరరావుగారు.

“అలాగే అనిపిస్తోంది సార్.”

“గిరిజనుల్లో నాణ్యత మీద ఇంత చైతన్యం వచ్చిందంటే అది మన శాఖ విజయం. కొత్తది పంపిస్తున్నాను.”

నాలుగో రోజుకి జీపులో కొత్త చిక్కుడు విత్తనం వచ్చింది. పొట్లం మీద ‘కొత్తది’ అని ఎర్ర అక్షరాలు. ఉన్న మొక్కలు పీకించి, కొత్త విత్తనం పెట్టించారు. సోని నీళ్ళు పోసింది గానీ మాట మార్చలేదు.

“ఇదీ అంతే సారూ. ఇదీ కొత్త అవ్వనేదు.”

ఈసారి సర్వేశ్వరరావుగారికి కోపమొచ్చింది. కొత్తదాన్ని కొత్త కాదంటే అది ప్రభుత్వాన్ని అనుమానించడమే కదా. విత్తనాన్ని పరీక్షకి పంపి, ఇది నూటికి నూరు శాతం కొత్తదని ఒక ధ్రువపత్రం తెప్పించారు. గుండ్రటి ముద్ర, కింద ముగ్గురి సంతకాలు. మోహన్‌కృష్ణ అది సోనికి చదివి వినిపించాడు. సోని మర్యాదగా ఆఖరిదాకా విని, “బాగుంది సారూ. గానీ కొత్త అంతే కాయితం కాదు. యర్రయ్య తాత సెప్పాల,” అంది.

అప్పుడు యర్రయ్య ఎవరన్న ప్రశ్న వచ్చింది. ఊరికి దిసారి. డెబ్భై ఏళ్ళు దాటిన మనిషి, నోట్లో చుట్ట, మాట పొదుపు. అధికారి స్వయంగా నలభై అడుగులూ మళ్ళీ నడిచి వచ్చి అతన్ని సోని అరుగు మీదకే పిలిపించారు. సంగతి అర్థం కావడానికి గంట పట్టింది. అర్థమయ్యాక ఆయన మొహం వెలిగింది.

“ఓస్, పండగా? ముందే చెప్పొచ్చుగా. ప్రీపోన్ చేసేద్దాం.”

“అదేటి బాబూ?” అన్నాడు యర్రయ్య.

“ముందుకి జరపడం. తేదీ ఎవరు నిర్ణయిస్తారు?”

“నానే సెప్తాను బాబూ. నాకు సందమావ సెప్తాడు. ఈ నెల నిండి, మళ్ళీ నెలవంక కనబడి, అప్పుడు. మీరు సెప్పిన రోజుకి పద్నాలుగు రోజులు ఎనకాల పడతాది.”

“చందమామకి మెమో ఇవ్వలేం,” అన్నారు సర్వేశ్వరరావుగారు, చాలా ఆలోచించి. “అందుకని మెమో మీకిస్తాం.”

“ఇవ్వండి బాబూ.”

ఇచ్చారు. ‘గొడుగుపుట్టు గ్రామంలో జరుపుకొనే చిక్కుడు కొత్త అను పండుగను పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా నవంబరు 22వ తేదీ ఉదయం గం. 10.30 ని.లకు ముందుకు జరపడమైనది. పోయిన పెద్దలతో సహా సంబంధితులందరూ సహకరించవలెను.’ పోయిన పెద్దల మాట గుమాస్తా తనంతట తానే చేర్చాడని తర్వాత తెలిసింది. యర్రయ్య ఆ కాగితాన్ని రెండు చేతులతో అందుకుని, కళ్ళకద్దుకుని, ఇంటికి తీసుకెళ్ళి దూలం సందులో దోపాడు. చందమామ మాత్రం పాత షెడ్యూలు ప్రకారమే తిరుగుతూ ఉన్నాడు.

సర్వేశ్వరరావుగారు జీపెక్కుతూ సోనిని పక్కకి పిలిచారు. “చూడమ్మా, నువ్వు తినకపోతే జాబితాలో తర్వాతి ఊరికి వెళ్తాం. పట్టా కూడా అక్కడికే పోతుంది. మీ ఫైలు మళ్ళీ మొదటికొస్తుంది. ఆలోచించుకో.”

సోనికి ఒళ్ళు మండిపోయింది. మనిషిని తిండి ముందు కూర్చోబెట్టి తింటావా చస్తావా అని అడిగే పెద్దమనిషి తరహా ఏమిటిది? కొత్త నాడు తొలి గుప్పెడు గంగరాజుకి పెట్టాలి. అతనికి పెట్టకుండా తాను తినడమన్నది ఈ నాలుగేళ్ళలో ఆమె ఊహకే రాలేదు. కానీ గంగరాజు ఒళ్ళు వంచిన వాలే పోతే, ఆ తర్వాత పెట్టడానికి మాత్రం ఏముంటుంది? తింటే ఊరితో తప్పు, తినకపోతే వాలు పోతుంది. మూడు రోజులు ఆమెకి గంజి కూడా సహించలేదు. వాలు మీద చిక్కుడు తీగలు గుత్తులు గుత్తులుగా కాసి, అవి చూసినప్పుడల్లా ఏడుపొచ్చేది.

సంచుల్లో సంగతి వేరు. రెండోసారి పెట్టిన విత్తనం జానెడెత్తు లేచి అక్కడ ఆగింది. కాయ మాట దేవుడెరుగు, పూత కూడా లేదు.

ఇరవై రెండో తేదీ పొద్దున్నే సోని లేచి వచ్చేసరికి మోహన్‌కృష్ణ సంచుల ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. పక్కన ప్లాస్టిక్ సంచిలో నాలుగు కేజీల చిక్కుడుకాయలు. ఒక్కొక్కటీ తీసి ఆకుపచ్చ నైలాను దారంతో జానెడు మొక్కలకి కడుతున్నాడు. సోనిని చూసి తల దించుకున్నాడు.

“ఎక్కడివి సారూ ఇవి?”

“వైజాగ్ రైతుబజార్లోవమ్మా. నన్నేం అడక్కండి. కట్టమన్నారు, కడుతున్నాను.”

సోని కాసేపు ఆ కాయలకేసి చూసింది. ఆ తర్వాత కొంగు బిగించి బేగి బేగి యర్రయ్య ఇంటికి నడిచింది.

“తాతా, ఆ సంచుల్లో కాయలు మన నేల మీద కాసినవి కావట. వైజాగు నుంచి తెచ్చి కడతన్నారు. అవి తింతే తప్పేటి?”

యర్రయ్య చుట్ట నోట్లోంచి తీశాడు. “సంతల కొన్న టమాటా తింతన్నాం కదేటి. ఆ ఊరి కొత్త ఆలు సూసుకుంతారు. మన మన్నుల కాయనిదానికి మన కొత్తతో పని నేదు. తినీ, సోనీ.”

సోనికి ప్రాణం లేచొచ్చింది. ఇంటికొచ్చి, తానే మరో గుప్పెడు కాయలు తీసుకుని మోహన్‌కృష్ణ పక్కన కూర్చుని దారం కట్టింది. ఆమె ముడులే గట్టివి.

మంత్రిగారు పదిన్నరకి రావలసినవారు ఒంటిగంటకి వచ్చారు. వెనక ఇరవై కార్లు. సంచులకి, ఆ తర్వాత ప్రజలకి నమస్కారం పెట్టారు. కెమెరాలు సర్దుకున్నాక ఒక చిక్కుడుకాయని పట్టుకుని లాగారు. అది రాలేదు. ఇంకొంచెం గట్టిగా లాగారు. నైలాను దారం నాణ్యమైనది కావడం వల్ల కాయ తెగలేదు, మొక్క మొత్తం వేళ్ళతో సహా పైకొచ్చింది. మరొకరైతే తెల్లమొహం వేసేవారు. మంత్రిగారు మంత్రి కనక, ప్రజలు తన ప్రభుత్వాన్ని కూడా సరిగ్గా ఇలాగే అంటిపెట్టుకుని ఉన్నారని మైకులో చెప్పారు. చప్పట్లు పడ్డాయి.

కూర వండారు. మంత్రిగారు రెండు ముక్కలు నోట్లో వేసుకున్నారు. సోని ఊరందరి ముందూ, యర్రయ్య కళ్ళెదుటే, నిండు మనసుతో పళ్ళెం ఖాళీ చేసింది. ఇక పట్టా ఒక్కటే మిగిలింది.

సరిగ్గా అప్పుడే, అరకు నుంచి వచ్చిన ఒక విలేకరి, పనీపాటా లేనివాడిలా యర్రయ్య ముందు మైకు పెట్టాడు. “తాతా, మీ ఊళ్ళో చిక్కుడు కొత్త కాలేదు కదా. మరి ఈవిడ ఎలా తింది?”

ఊరంతా యర్రయ్య వైపు తిరిగింది. ముసలాయన నిదానంగా చెప్పాడు. “కొత్త అవ్వనేదు బాబూ. గానీ ఇది తింతే తప్పు నేదు. ఇది మా మన్నుల కాసింది కాదు. దీనికి మన్నుతో పని నేదు.”

మోహన్‌కృష్ణ కళ్ళు మూసుకున్నాడు. సర్వేశ్వరరావుగారి చొక్కా ఆ చలిలో తడిసిపోయింది. కానీ ముప్పయ్యేళ్ళ సర్వీసు ఊరికే పోతుందా? ఆయన రెండంగల్లో మైకు దగ్గరికొచ్చారు.

“సార్, ట్రైబల్ ఎల్డర్ ఏమంటున్నారంటే, ఇది సాయిల్‌లెస్ టెక్నాలజీ. మన్ను లేకుండా పండిన పంట. ఆ విషయం ఇంత మారుమూల గ్రామంలో ఇంత పెద్దాయనకి కూడా తెలిసిపోయింది సార్.”

మంత్రిగారి కళ్ళు పెద్దవయ్యాయి. సోని భుజం మీద చెయ్యి వేశారు. “నిజమేనా తల్లీ? ఇది పండడానికి నీ మన్ను ఏమీ వాడలేదా?”

ఊరు వింటోంది. తాను తప్పు తినలేదని ఊరికి చెప్పుకోవడానికి ఇంతకన్న మంచి సమయం దొరకదు. సోని మైకులో గట్టిగా చెప్పింది. “నేదు బాబూ. సిటికెడు కూడా వాడనేదు.”

“నీకు వెనకాల కొండ మీద నేల ఉందట కదా. దానితో?”

“దీనికీ ఆ కొండకీ ఏ సంబందవూ నేదు బాబూ. నా పిల్లల మీద ఒట్టు.”

మంత్రిగారు మైకు చేతిలోకి తీసుకున్నారు. ఇన్నాళ్ళూ మనం రైతుకి భూమి కావాలి, భూమి కావాలి అనే పాత చింతకాయ పచ్చడి మాటలే విన్నామని, ఈ రోజు ఒక గిరిజన మహిళ ఆ మాటల్ని బద్దలు కొట్టిందని అన్నారు. ఈ తల్లి రాష్ట్రంలోనే మొట్టమొదటి ‘ల్యాండ్ ఫ్రీ’ రైతు అని ప్రకటించారు. “సర్వేశ్వరరావూ, ఈ తల్లికి వెంటనే ల్యాండ్ ఫ్రీ అని రాసిచ్చెయ్యండి.”

గొడుగుపుట్టులో ఇంగ్లీషు చదివినవాళ్ళు తక్కువే గానీ ఆ రెండు మాటలూ తెలియనివాళ్ళు లేరు. ల్యాండు అంటే ఆఫీసుల చుట్టూ తిరిగి అడిగేది. ఫ్రీ అంటే రేషను బియ్యంలా పైసా ఇవ్వకుండా వచ్చేది. ఊరు ఊరంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. డప్పులు మోగాయి. యర్రయ్య సోని నెత్తి మీద చెయ్యి పెట్టి, “నీ పంట పండినాది, సోనీ,” అన్నాడు. సోని ఏడ్చింది. ఆ ఏడుపు మర్నాడు అన్ని పేపర్లలోనూ రంగుల్లో వచ్చింది.

జీపు దగ్గర ఆమె సర్వేశ్వరరావుగారిని ఆపింది. “పట్టా బాబూ?”

“మంత్రిగారు అందరి ముందూ చెప్పేశారుగా తల్లీ. నాలుగు రోజుల్లో కాయితం మీ ఇంటికే వస్తుంది.”

చెప్పినట్టే నాలుగో రోజుకి వచ్చింది. ప్రభుత్వం మాట తప్పిందనడానికి వీల్లేదు. దళసరి కాగితం, చుట్టూ బంగారురంగు గీత, మీద ప్లాస్టిక్ తొడుగు. ఒక మూల మంత్రిగారి ఫొటో, ఇంకో మూల అంతకన్న చిన్నగా సోని ఫొటో. మోహన్‌కృష్ణ చదివి వినిపించాడు. “సోని, గొడుగుపుట్టు గ్రామం. ల్యాండ్ ఫ్రీ.” కింద ఇంకా నాలుగు లైన్లున్నాయి. అవి చదవబోయి, ఆగి, ఆమె మొహంలోకి చూసి, ఇంకేదో చెప్పబోయాడు. కింద రోడ్డు మీద జీపు హారను మోగింది. వెళ్ళిపోయాడు.

సోని ఆ కాగితాన్ని నూనెగుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టుకుంది. పన్నెండు సంచుల్లోని కొబ్బరి పొట్టు దులిపి మేకల పాకలో పరిచింది. సంచులు మంచివి, పసుపు ఆరబోయడానికి పనికొచ్చాయి. చిక్కుడు కొత్తకి ఐదు రోజులుందనగా యర్రయ్య రోజు చాటించాడు. ఈ ఏడు గంగరాజుకి రెండు గుప్పెళ్ళు పెట్టాలనుకుంది.

మర్నాడు పొద్దున వాలు మీద చప్పుడైతే వెళ్ళి చూసింది. పసుపురాళ్ళ దగ్గర పదిమంది మనుషులు. అంచున మన్ను తవ్వే యంత్రం ఒకటి గుమ్మడిపాదు మీదికి ఎక్కి ఉంది. ఇద్దరు ఒక బోర్డు పాతుతున్నారు. టోపీ పెట్టుకున్న సూపర్‌వైజరు టేపు విప్పుతున్నాడు.

“ఏటి బాబూ ఇది?”

“ట్రైనింగ్ సెంటరమ్మా,” అన్నాడతను. మర్యాదస్తుడు. “గుప్పెడు నేల గంపెడు కూర లేదూ? చిన్న స్థలంలో కూరలెలా పండించాలో జనానికి నేర్పడానికి. రెండెకరాలు చాలవేమో అంటున్నారు. పార్కింగ్ కూడా పెట్టాలి కదా.”

సోని గాభరాపడలేదు. ఇప్పుడు గాభరా పడాల్సిన పని ఆమెకి లేదు. ఇంట్లోకెళ్ళి పెట్టె తీసి, నూనెగుడ్డ విప్పి, కాగితం పట్టుకొచ్చింది. తడి చేతులు కొంగుకి తుడుచుకుని అతనికి అందించింది.

“సూడండి బాబూ. మంత్రిగారే రాసిచ్చీసినారు. ల్యాండు ఫ్రీ.”

అతను కాగితం తీసుకున్నాడు. పై నుంచి కింద దాకా, ఆ నాలుగు లైన్లతో సహా శ్రద్ధగా చదివాడు. తన ఫైలు తెరిచి అందులోని కాగితం పక్కన పెట్టి, రెండింట్లోనూ ముద్రలు సరిచూసుకున్నాడు. తృప్తిగా తలూపి ఆమె కాగితం ఆమెకి జాగ్రత్తగా తిరిగిచ్చాడు.

“ఇదే కాపీ మాకూ వచ్చిందమ్మా. ల్యాండ్ ఫ్రీ అయిందని. అందుకే వచ్చాం,” అన్నాడు. మనుషులందరూ బోర్డు దగ్గరే ఉన్నారు. అతను చుట్టూ చూసి, టేపు చివర ఆమె చేతికిచ్చి, “ఈ కొస కాస్త పట్టుకో తల్లీ,” అన్నాడు.